కోట పరీక్షకుని మూట

భువనగిరి కోట నెక్కని విద్యార్థి మన పాఠశాలలో అరుదు. ఏకశిలపై నున్న ఆ దుర్గమును పశ్చిమ చాళుక్య ప్రభువైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించెనని చెప్పుదురు. క్రిందినుండి చూచినచో అంతయు నున్నని బండ. ఎక్కుటకు చోటే లేదని తోచును. ఐనను అట్టి కోటకు కావలియున్న దొర యెవడైనను "ఇది యెక్క శక్యము కానిది" యని తన కన్నులతో తాను చూచుకొని నిద్రపోరాదు. మేకలు కాచు పిల్లవానికి తెలిసిన దారి సేనాధిపతికి తెలియకపోవచ్చును. నమ్మకస్థుడైన మనుష్యు నొకనిని పిలిచి, "నీవే శత్రువ వనుకొని ఈ రాత్రి లోపలికి రమ్ము, ఎచ్చటనుండి వచ్చితివో తెల్లవారినపిమ్మట చెప్పుము" అనుటయే అట్టి దారిని కనుగొను ఉపాయము.

ఈ ఉపాయమే నేడొక వృత్తి యైనది. దీనిని పెనెట్రేషన్ టెస్టు అందురు. మేము చొరబాటు పరీక్ష యని వ్రాయుదుము. నేటి కోటలు రాతివి కావు. బ్యాంకు, విద్యుత్ కార్యాలయము, ఆసుపత్రి, ఖజానా కచ్చేరి, ఇవి కోటలు. వీని లోపల నున్న కంప్యూటర్లలోని లెక్కలు, పేర్లు, వ్రేలిముద్రలు, ఇవి ధనము. యజమాని తానే కూలి యిచ్చి, తన కోటలోనికి ప్రవేశించి చూపుమని పరీక్షకుని పిలిపించును. దూరముననే కూర్చుండి ఇంటర్నెట్టు ద్వారా పరీక్షించుట యొక విధము. మూట కట్టుకొని స్వయముగా ఆ స్థలమునకు పోయి, తలుపులను, తాళములను, కావలివారిని, గోడలోని తీగలను పరీక్షించుట రెండవ విధము. మేము చెప్పబోవునది రెండవదానిని గూర్చి, అందును ముఖ్యముగా ఆ మూటను గూర్చి.

ఇది పట్నపు గొడవ, మన నల్లగొండకును పాలమూరునకును దీనితో నేమి పని యని తల్లిదండ్రులు కొందరు తలంపవచ్చును. 2019 సం. ఏప్రిల్, మే నెలల సంధిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై దుండగులు పడి, సమాచారమునకు తాళము వేసి, విడుదలకు సొమ్ము కోరిరి. మన రెండు జిల్లాల ఇండ్లకు దీపము నిచ్చు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థయు అందులో నొకటి. 2022 సం. జనవరి నెలలో హైదరాబాదునందలి ఆంధ్రప్రదేశ్ మహేశ్ సహకార పట్టణ బ్యాంకునుండి మూడు దినములలో 12 కోట్ల రూపాయలకు పైబడిన ధనమును దొంగలు కంప్యూటరు ద్వారా తరలించి, వందకు మించిన ఖాతాలలోనికి చిమ్మివేసిరి. అంతకు రెండు నెలల ముందే బ్యాంకు ఉద్యోగులకు మోసపు ఈ-మెయిళ్లను పంపి, వానిని తెరచినవారి యంత్రములద్వారా లోపలికి దారి చేసికొని యుండిరని పోలీసు దర్యాప్తున తేలినది. బ్యాంకు తన జాగ్రత్త తాను పడలేదని రిజర్వు బ్యాంకు 2023 సం. లో 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. దామరచర్లలోని యాదాద్రి విద్యుత్ కేంద్రము, నాగార్జునసాగరము, ఈగలపెంట వద్ద భూగర్భమున నున్న శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము, ఇవన్నియు మన ప్రాంతమున నున్నవే. కోటలు మనయందే యున్నపుడు పరీక్షకులును మనయొద్దకు రావలసియే యుందురు.

మా పాఠశాలలో చదివి, పట్నమున ఈ వృత్తియందున్న పూర్వవిద్యార్థి యొకడు గత దసరా సెలవులలో వచ్చి, పదవ తరగతి పిల్లల యెదుట తన సంచిని బల్లపై విప్పి చూపెను. పిల్లలు మొదట చేయి చాపినది తాళములు తీయు సన్నని ఉక్కు పుల్లలవైపు. అతడు నవ్వి, ప్లాస్టిక్ కవరులో నున్న కాగితము నొకదానిని తీసి మా చేతి కిచ్చి, "మాస్టరుగారూ, అన్నిటికన్న బరువైనది ఇదియే. ఇది లేనిదే తక్కిన సంచి జైలుకు టిక్కెట్టు" అనెను.

ఆ కాగితము యజమాని వ్రాసి యిచ్చిన అనుమతి పత్రము. మన పెద్దలు పరవానా యనెడివారు. అందు పరీక్షకుని పేరు, పరీక్ష జరుగు స్థలము, ఏ తేదీనుండి ఏ తేదీవరకు, పగలా రాత్రియా, ఏయే పనులు చేయవచ్చును, ఏవి చేయరాదు, పట్టుబడినచో ఎవరికి ఫోను చేయవలెను అను విషయములు వివరముగా నుండవలెను. ఇది యెందుకనగా, 2000 సం. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము 43 వ సెక్షను ప్రకారము యజమాని అనుమతి లేక ఇతరుల కంప్యూటరులో ప్రవేశించుటయే తప్పు. దానిని కపటబుద్ధితో చేసినచో 66 వ సెక్షను క్రింద మూడు సంవత్సరములవరకు ఖైదుగాని, అయిదు లక్షల రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ప్రభుత్వము రక్షిత వ్యవస్థగా ప్రకటించినదానిలో చొరబడినచో 70 వ సెక్షను ప్రకారము శిక్ష పది సంవత్సరములవరకు పోవును. దొంగ చేయు పనియు పరీక్షకుడు చేయు పనియు చూచువారి కొక్కటియే. దొంగ సంచియు పరీక్షకుని సంచియు విప్పి ప్రక్క ప్రక్కన పెట్టినచో, ఈ కాగితము తప్ప వేరు భేదము మాకైతే కానరాలేదు.

కాగితమున్నను చాలదని చూపు వృత్తాంత మొకటి అమెరికాలో జరిగినది. అయోవా రాష్ట్రపు న్యాయశాఖవారు తమ కోర్టు భవనముల కట్టుదిట్టములను పరీక్షింపుమని కోల్‌ఫైర్ అను కంపెనీని నియమించిరి. ఆ కంపెనీవారైన గ్యారీ డిమెర్కూరియో, జస్టిన్ విన్ అను ఇరువురు 2019 సం. సెప్టెంబరు 11 వ తేదీని అర్ధరాత్రి దాటిన పిదప డల్లాస్ కౌంటీ కోర్టు భవనములో ప్రవేశించిరి. గంట మ్రోగెను. వారు పారిపోక, పోలీసులు వచ్చువరకు అచ్చటనే నిలిచి, పత్రమును చూపిరి. మొదట వచ్చిన పోలీసులు పత్రమును చదివి, ఫోను చేసి విచారించి, సమాధానపడుచుండగా, ఆ కౌంటీ పోలీసు అధికారియైన షెరీఫ్ వచ్చి, ఈ భవనము కౌంటీది, రాష్ట్రమువారికి దీనిపై అనుమతి యిచ్చు అధికారము లేదని పలికి, ఇరువురిని ఖైదు చేయించెను. ఇరువురికిని చెరి 50,000 డాలర్ల జామీను విధింపబడెను. వారిపై మోపిన నేరములు రెండు. మొదటిది భవనమున చొరబడుట. రెండవది దొంగతనపు పనిముట్లు దగ్గర నుంచుకొనుట. చూడుడు, సంచియే నేర మైనది! కొన్ని నెలలు నలిగి, నేరము తగ్గింపబడి, తుదకు 2020 సం. జనవరి నెలలో ఆ కేసు కొట్టివేయబడినది. కావలసిన ప్రశ్న "అనుమతి యున్నదా?" అని మాత్రమే కాదు, "అనుమతి నిచ్చినవానికి ఇచ్చు హక్కు ఉన్నదా?" అనియు అడుగవలెను. మన జిల్లాలలో బ్యాంకు శాఖలు పెక్కు అద్దె యిండ్లలో నున్నవి. బ్యాంకు మేనేజరు సంతకము బ్యాంకు గదికి చెల్లును. మెట్లకును, వెనుక గుమ్మమునకును, మేడపై నున్న తీగల పెట్టెకును ఇంటి యజమాని సంతకము వలయును. పత్రమును మూడు ప్రతులు తీసి, ఒకటి జేబులో, ఒకటి సంచిలో, ఒకటి బండిలో నుంచుట మా విద్యార్థి పద్ధతి. ఫోనులో నున్న ప్రతిని అతడు లెక్కపెట్టడు. పట్టుకొన్నవారు మొట్టమొదట లాగికొనునది ఫోనునే గదా!

ఇక యంత్రములు. లాప్‌టాప్‌లు రెండు వలయును. ఒకటి చెడినచో రెండవదానితో పని సాగును. నల్లగొండయైనను మహబూబ్‌నగరమైనను హైదరాబాదునకు దాదాపు వంద కిలోమీటర్లు. రాత్రి పదిగంటలకు మరియొక యంత్రమును తెచ్చుకొందమన్న తెరచియుండు అంగడి దొరకదు. ఇందు ముఖ్యమైన నియమ మొకటి గలదు. సంచిలో పెట్టు లాప్‌టాప్ పలకవలె తుడిచినదై యుండవలెను. వెనుకటి పరీక్షలో మరియొక బ్యాంకునుండి తెచ్చిన వ్రాతలు ఒక్క అక్షరమైనను అందుండరాదు. అదియును గాక డిస్కు అంతయు రహస్యలిపిలో బంధింపబడి యుండవలెను. దానిని ఎన్‌క్రిప్షన్ అందురు. బస్సులో సంచి పోయినచో పోయినది రూపాయలు మాత్రమే కావలెను, ఇతరుల గుట్టు కారాదు.

తీగల సంగతి పిల్లలకు నీరసముగా తోచెను గాని మాకు మిక్కిలి నచ్చినది. పెద్ద పెద్ద పరీక్షలు తప్పిపోవుట ఉపాయము లేక కాదు, ఒక చిన్న తీగ లేక యని అతడు చెప్పెను. ఈథర్నెట్ కేబుళ్లు పొట్టివి రెండు, పొడుగువి రెండు. క్రొత్త లాప్‌టాప్‌లకు ఆ తీగ దూరు రంధ్రమే లేదు గనుక దానికి తగిన అడాప్టరు. నాలుగు రంధ్రముల చిన్న స్విచ్చు. వైఫై తరంగములను దూరమునుండి పట్టు విడి యాంటెనా. కరెంటు ఎక్స్‌టెన్షన్ పెట్టె. కచ్చేరిలోని ప్లగ్గు మూడు రంధ్రములదై, మన తీగకు రెండు ముల్లులే యున్నచో, లేక ప్లగ్గు బీరువా వెనుక నున్నచో, పట్నమునుండి వచ్చిన పండితుడు ప్లగ్గు వెదకుచు కూర్చుండవలసినదే. ప్రతి తీగకును పేరు వ్రాసిన చీటి అంటించి, ఇంటివద్దనే తగిలించి చూచి, పనిచేయుచున్నదని రూఢి చేసికొని సంచిలో పెట్టవలెను. చెడిన తీగను "అవసరమునకు ఉండనిమ్ము" అని దాచుకొనువారు మన యిండ్లలో కలరు. ఈ వృత్తిలో అట్టివారికి చోటు లేదు.

బ్యాటరీలను గూర్చి ఒక చిన్న లెక్క. పవర్‌బ్యాంకుపై 20,000 మిల్లీ యాంపియర్ గంటలని వ్రాసి యుండును. దానిని 3.7 వోల్టులతో గుణించి, 1,000 చేత భాగించినచో 74 వాట్ గంటలు వచ్చును. శంషాబాదులో విమానమెక్కువారు 100 వాట్ గంటలలోపు బ్యాటరీని చేతిసంచిలో నుంచుకొనవచ్చును, సామానుపెట్టెలో వేయరాదు. 100 దాటి 160 లోపున్నచో విమానసంస్థ అనుమతి వలయును. మన జిల్లాలకు వచ్చువానికి విమానము లేదు గాని మే నెల యెండ యున్నది. కారులో వదలిన బ్యాటరీ ఆ యెండకు ఉబ్బిపోవును. ఎనిమిదవ తరగతివారు తమ యింట నున్న పవర్‌బ్యాంకులకు ఈ లెక్క వేసి చూడవలెను.

పిల్లలు మిక్కిలి ఆశ్చర్యపడినది కార్డులను నకలు చేయు యంత్రమును చూచి. కార్యాలయములలో మెడకు వ్రేలాడు కార్డును గోడకున్న పెట్టెకు చూపినంతనే తలుపు తెరచుకొనును. ఇది యెట్లు మోసపోవునో చెప్పుటకు హాజరు పట్టీకన్న మంచి ఉపమానము లేదు. మాస్టరు "పదునేడు" అని పిలువగా, ముఖము చూడకయే, "ప్రెజెంట్ సార్" అన్న గొంతు వినబడినంతనే గీత గీసినచో, పదునేడవ నంబరువాడు తోటలో నున్నను హాజరు పడును. 125 కిలోహెర్ట్జుల పాతరకపు కార్డులు పెక్కు ఇట్టివే. దగ్గరకు వచ్చిన ఏ యంత్రమునకైనను తమ నంబరును బిగ్గరగా చెప్పివేయును. లిఫ్టులో ప్రక్కన నిలిచినవాడు ఆ నంబరును క్షణములో గ్రహించి మరియొక ఖాళీకార్డుపై వ్రాసికొనవచ్చును. 13.56 మెగాహెర్ట్జుల క్రొత్త కార్డులలో మంచివి అట్లు చేయవు. తలుపు ప్రతిసారి క్రొత్త ప్రశ్న నడుగును. కార్డు తనలోని రహస్యముతో ఆ ప్రశ్నకు మాత్రమే సరిపోవు సమాధానము చెప్పును. నిన్నటి సమాధానము నేడు చెల్లదు. కార్డులు చూచుటకు రెండును ఒక్కతీరుగనే యుండును గనుక, తమ తలుపునకున్నది ఏ రకమో మేనేజర్లలో చాలమందికి తెలియదు.

సుద్దముక్కల పెట్టెలో పట్టునంత చిన్న కంప్యూటరు మరియొకటి చూపెను. రాస్ప్‌బెర్రీ పై అను ఇట్టి యంత్రము 2012 సం. లో ఇంగ్లండునందు పిల్లల చదువుకొరకే పుట్టినది. దీనిని బల్లక్రింద గోడతీగకు తగిలించి వచ్చినచో, పరీక్షకుడు బయట టీకొట్టులో కూర్చుండి లోపలి నెట్‌వర్కును చూడవచ్చును. ఎవరును ఎన్ని దినములకు కనుగొందురన్నదే పరీక్ష. అట్లే దారిలో పారవేయు యూఎస్‌బీ పుల్లలు. అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయమువారు తమ ఆవరణలో 297 పుల్లలను అచ్చటచ్చట పడవేసి చూచి, 2016 సం. లో ఫలితమును ప్రకటించిరి. నూటికి 45 కి తక్కువ కాకుండ పుల్లలను దొరికినవారు తమ యంత్రములకు తగిలించి, లోపలి ఫైళ్లను తెరచిరి. చదువుకొన్నవారే అట్లు చేసినపుడు తక్కినవారిని తప్పుపట్టనేల? 2010 సం. లో బయటపడిన స్టక్స్‌నెట్ అను దుష్టప్రోగ్రాము ఇరాను దేశపు నతాంజ్ అణుకేంద్రమును చేరినది యూఎస్‌బీ ద్వారానే యని నిపుణుల అభిప్రాయము.

తలుపు సందున దూర్చు కమ్మి, తాళపు పుల్లలు, స్క్రూడ్రైవర్లు, తలకు కట్టుకొను దీపము, వీనిని గూర్చి విస్తరింపము. పిల్లలు అడుగకపోలేదు, అతడు నేర్పనులేదు. ఆ విషయమున మా యభిప్రాయమును అతని యభిప్రాయమును ఒక్కటియే.

వేషమును గూర్చి మాత్రము కొంత చెప్పవలయును. సంచిలో ఒక ఇస్త్రీచొక్కా, ఒక హెల్మెటు, మెరుపుపట్టీల జాకెట్టు, చేతపట్టు అట్టయు నుండును. హెల్మెటు పెట్టుకొని నిచ్చెన మోయుచు వచ్చినవానిని "ఎవరు నీవు?" అని అడుగువా రరుదు. కావలివాడు తలుపు తీసి, మంచినీ ళ్లిచ్చి, మెట్లు కూడ చూపును. పరీక్ష యైనపిమ్మట రిపోర్టులో "కావలివాడు లోపలికి విడిచెను" అని వ్రాసినచో ఆ కావలివాని గతి యేమి? పాలమూరునుండి పట్నమునకు పోయి కావలిపని చేయు తండ్రులు మన పిల్లలలో ఎందరికో కలరు. నెలజీతముపై బ్రతుకువాడు మరునాడు పనిలోనుండి తొలగింపబడును. రాత్రంతయు తలుపున కొక్కడినే నిలిపి, అడుగుటకు అతనికి అధికారమీయని కంపెనీకి ఏ నష్టమును లేదు. మేమీ ప్రశ్నను అతని ముందుంచితిమి. "పేరు వ్రాయము మాస్టరుగారూ. పని మొదలుకాక ముందే ఒప్పందములో వ్రాయించుకొందుము. తలుపును గూర్చి వ్రాయుదుము, మనిషిని గూర్చి వ్రాయము" అని అతడు చెప్పెను. అందరు పరీక్షకులును ఇట్లే చేయుదురని మేము చెప్పజాలము. చేయవలెనని మాత్రము గట్టిగా చెప్పుదుము. ఒప్పందములో ఆ వాక్యము లేనిదే హెల్మెటును సంచిలో పెట్టరాదు.

మూటలో పెట్టరానివి కూడ గలవు. మొబైలు తరంగములను అణచు జామర్లను సామాన్యులు కలిగి యుండుటయే మన దేశమున చట్టవిరుద్ధము. ఉపగ్రహపు ఫోనులను అనుమతి లేక వాడరాదు. తనకు పూర్తిగా తెలియని ప్రోగ్రామును ఎవరో యిచ్చిరని తెచ్చుట మరియొక అపాయము. అన్నిటికన్న ఎక్కువ జాగ్రత్త విద్యుత్ కేంద్రములలో వలయును. బ్యాంకు కంప్యూటరును పదివేల ప్రశ్నలడిగి విసిగించినచో అది కొంత మందగించునంతే. టర్బైనులను, నీటి గేట్లను నడుపు పాతయంత్రములు అట్టి ప్రశ్నలకు నిలిచిపోవచ్చును. అవి నిలిచినచో నిలుచునది కాగితము కాదు, టర్బైను. కావున అట్టి స్థలములకు పోవువాడు ప్రశ్నలడుగు ప్రోగ్రాములను కట్టివేసి, నోటుపుస్తకమును, కెమెరాను, వినుటకు మాత్రమే పనికివచ్చు పరికరమును తీసికొనిపోవును. కెమెరాకును వేరుగా అనుమతి వ్రాయించుకొనవలెను.

సంచి నింపుచున్నపుడే ఒక పట్టీ వ్రాసికొనవలెను. వస్తువు పేరు, నంబరు, ఏ జేబులో నున్నది, స్థలమున ఎక్కడ తగిలించితిమి, ఎప్పుడు తీసితిమి. బల్లక్రింద పెట్టిన చిన్న కంప్యూటరును మరచి వచ్చినచో, పరీక్షకుడు కోటకు క్రొత్త కన్నము పెట్టి వచ్చినట్లే. పిదప దొంగ ఎవడైన దానినే వాడుకొనును. పారవేసిన యూఎస్‌బీ పుల్లలను కూడ లెక్కించి ఏరుకొనవలెను. తిరిగి వచ్చినపిమ్మట బస యందే పట్టీని ముందుంచుకొని ఒక్కొక్క వస్తువును బల్లపై పెట్టి గీత గీయుదురు. మా విద్యార్థి సంచిలో ఆనాడు 43 వస్తువులుండెను. పిల్లలచేతనే లెక్కపెట్టించి, పిల్లలచేతనే తిరిగి సర్దించెను. పరీక్షకు పోయినచో 43 పోవలెను, 43 రావలెను. 42 వచ్చినచో ఆ రాత్రియే మరల పోయి వెదకి తేవలసినదే. మరచినది ఈగలపెంటలో నైనచో మాత్రము చేయగలిగినది లేదు. అమ్రాబాదు అడవి దారి రాత్రి తొమ్మిది గంటలకు మూయుదురు గనుక, మన్ననూరు చెక్‌పోస్టువద్ద బండి నాపుకొని, ఉదయము ఆరు గంటలకు గేటు తెరచువరకు కాచుకొని యుండవలెను.